అంచు మీది పేరు

కోలారు బంగారు గనులు సర్కారు చేతికి వచ్చినాక దొరల బంగళాలు ఒక్కొక్కటే ఖాళీ అయినాయి. పోయేవాళ్లు మోయగలిగింది మోసుకుపోయినారు, మిగతాది వదిలేసినారు. అట్లా వదిలేసినవన్నీ చివరికి రాబర్ట్‌సన్‌పేట సంతలో పాత సామాన్ల అంగడికి చేరేవి. తోలు తొడుగున్న నీళ్ల సీసాలు, టోపీలకు గుచ్చే ఇత్తడి బిళ్లలు, కాల్చేసిన తూటాల గొట్టాలు, రిబ్బను రంగు వెలిసిన యుద్ధ పతకాలు. మా అన్న అప్పుడే మైను ఆఫీసులో గుమాస్తాగా చేరినాడు. నేనింకా లంగా జాకెట్టు వేసుకుని బడికి పోయేదాన్ని. ఒకరోజు ఆయన ఒక పతకం తెచ్చి నా అరచేతిలో పెట్టినాడు. చల్లగా, నేననుకున్నదానికంటే బరువుగా ఉండింది. ఆ పిచ్చి మాకిద్దరికీ ఆ దినమే పట్టుకుంది.

ఆదివారం వస్తే చాలు, క్వార్టర్సు ముందుగదిలో దుప్పటి పరిచి అన్నీ బయటికి తీసేవాళ్లం. చింతపండు పెట్టి తోమబోతే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపినాడు. "తోమితే దాని వయసు పోతాది పాపా. నల్లగానే ఉండనీ." పతకాన్ని అంచులు పట్టుకుని ఎత్తడం, రిబ్బను రంగు చూసి ఏ యుద్ధమో చెప్పడం ఆయనే నేర్పించినాడు. మామూలు వాళ్లు రాజుగారి తల చూస్తారు. మేము అంచు చూసేవాళ్లం. మన సిపాయిలకిచ్చిన పతకాల అంచు మీద నంబరు, పేరు, పటాలం సన్నటి అక్షరాల్లో గుద్ది ఉంటాయి. "ప్రాణమంతా ఈ అంచులోనే ఉండాది. పేరు పోతే ఇది ఉత్త బిళ్ల," అనేవాడు. నేను టీచరునయి చరిత్ర పాఠం చెప్పేటప్పుడు కూడా ఆ మాటే పిల్లలకు చెప్పినాను.

సుగటూరు అవ్వ సంగతి నాకు మా బళ్లో తోటి టీచరు చెప్పింది. ఆమెది ఆ ఊరే. బర్మా యుద్ధంలో పోయిన సిపాయి భార్య ఒకామె ఉందనీ, పతకం ఇంకా దాచుకుందనీ అన్నది. సెలవు చూసుకుని ఒక్కదాన్నే పోయినాను. ఇంటినిండా పట్టుపురుగుల తట్టలు. అవి మల్బరీ ఆకు కొరికే చప్పుడు సన్నగా వాన పడుతున్నట్టు వినిపిస్తా ఉండింది. అవ్వ చేతులు కడుక్కుని వచ్చి, ధాన్యం కుండలో నుంచి గుడ్డమూట తీసింది. ఒక పక్క రాజు తల, ఇంకో పక్క రెండు తలల జంతువును తొక్కి నిలబడిన సింహం.

"ఆయప్ప పేరు దీని మింద ఉండాదని పోస్టుమాను చెప్పినాడమ్మా. నాకు సదువు రాదు. ఏలు పెట్టి తడిమితే తెలుస్తాది," అని చూపుడువేలు అంచు మీద నడిపింది. నేను భూతద్దం పెట్టి పేరు గట్టిగా చదివినాను. ఇంకోసారి చదవమన్నది. చదివినాను.

పెళ్లయిన కొన్నాళ్లకే అవ్వ భర్త పటాలంలో చేరినాడట. ఒకే ఒక్కసారి సెలవు మీద వచ్చి, అడవిలో తిండి అందక వెదురు మొలకలు ఉడకేసుకుని తిన్నామనీ, వాటి చేదు ఇంకా నాలుక మీదే ఉందనీ చెప్పి నవ్వినాడట. మళ్లీ పోయి రాలేదు. మనిషికి బదులు ఈ పతకం టపాలో వచ్చింది.

"నా కండ్ల ముందరే దీన్ని నలుగురు సూడాల తల్లీ. నా ఎనక మావోల్లు కరిగిచ్చేస్తారు. నువ్వు టీచరమ్మవి. అందరూ సూసే తావున పెట్టు. ఆయప్ప పేరు సదివించు. అంతే నాకు."

నేను మాటిచ్చి తెచ్చినాను. ఇంటికొచ్చి వెదురు మొలకల దాకా ఒక్క మాట వదలకుండా అన్నకు చెప్పినాను. ఆయన భూతద్దం పెట్టుకుని అంచు చదివి, మెత్తటి మల్లుగుడ్డలో చుట్టి, "దీన్ని నడిమధ్యలో పెడదాం," అన్నాడు. నాకెంత సంతోషమయిందో.

అప్పటికి అన్న ఆఫీసులో పెద్ద సీటుకొచ్చినాడు, క్లబ్బులో నలుగురితో తిరుగుతా ఉన్నాడు. కోలారులో ఒక కాలేజీలో రిపబ్లిక్ దినానికి ప్రదర్శన పెట్టమని ఆయనను పిలిచినారు. గాజు పెట్టె చేయించినాడు. బళ్లో కవాతు పని ఉండి మొదటి దినం నేను పోలేకపోయినాను. మరుసటి రోజు పొద్దున్నే సుగటూరు పోయి అవ్వను బస్సులో తీసుకొచ్చినాను. ఆమె ఉతికిన చీర కట్టుకుని, పక్కింటామె చెప్పులు అడిగి తొడుక్కుంది. దారంతా నాతో ఒకటే ప్రశ్న. "నిజంగా అందరూ సూస్తా ఉండారామ్మా?"

హాలు నిండా జనం. నడిమధ్యలో అవ్వ పతకమే ఉంది, ఎర్రగుడ్డ మీద. దాని పక్కన తలపాగాతో మా తాత ఫోటో. కింద కన్నడంలో చీటీ: మా తాతగారు బర్మా యుద్ధంలో వీరోచితంగా పోరాడి పొందిన పతకం. ఎవరో చీటీలు తారుమారు చేసినారనుకున్నాను. మా తాత గనులు దొరల కంపెనీవిగా ఉన్నప్పుడు అక్కడ స్టోరు గుమాస్తా. గనిలోకి దిగే వాళ్లకు కొవ్వొత్తులు, తాళ్లు ఇచ్చేవాడు. పక్కనున్న బంగారుపేట దాటి రైల్లో పోయి ఎరుగడు.

అప్పుడు అన్న గొంతు వినపడింది. కాలేజీ పెద్దలకు కన్నడంలో చెప్తా ఉన్నాడు. "అడవిలో తిండి అందక మా తాత వెదురు మొలకలు ఉడికించుకుని తిన్నాడండీ. ఆ చేదు చచ్చేదాకా నాలుక మీదే ఉండిందట."

అవ్వకు కన్నడం బాగా వచ్చు. నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇది మా ఇంటాయన చెప్పిన మాట గదా? ఈయప్పకెట్లా తెలిసె?"

నేను పెట్టె దగ్గరికి పోయి, "అన్నా, ఇది తియ్యి. అవ్వ వచ్చింది," అన్నాను. ఆయన అవ్వను చూసి నా దగ్గరికి జరిగినాడు. "ఇప్పుడొద్దు పాపా, పెద్దవాళ్లుండారు," అన్నాడు సన్నగా. పెట్టె వెనక రేకు ఊడుతుందని నాకు తెలుసు. ఊడదీసి పతకం తీసి అవ్వ చేతిలో పెట్టినాను.

ఆమె కళ్లు మూసుకుని అంచు మీద వేలు నడిపింది. ఒక చుట్టు తిప్పింది. మళ్లీ తిప్పింది.

"నున్నగా ఉండాదే. ఇది మాది కాదమ్మా."

నేను లాక్కుని చూసినాను. అంచు చుట్టూతా తెల్లగా, కొత్త చెంచాలా మెరుస్తా ఉంది. అక్షరం అనేది లేదు.

అన్నకు ఊపిరి తిరిగింది. "అదే చెప్తా ఉండా. ఇది మా తాతది. మీది ఇంట్లో భద్రంగా ఉండాది అవ్వా, రేపు తెచ్చిస్తా," అన్నాడు. తొణక్కుండా, నా మొహంలోకి చూస్తానే అన్నాడు. చీటీ కంటే, గీకిన అంచు కంటే ఆ చూపే నన్ను ఎక్కువ కోసింది. నేను తలూపుతానని ఆయనకు అంత నమ్మకం.

"ఇదే నీది అవ్వా," అన్నాను. "మా తాత ఏ యుద్ధానికీ పోలేదు. దీని మీది పేరు మా అన్న గీకేసినాడు."

అవ్వ అన్న వైపు తిరిగింది. తిట్టలేదు. "అడిగింటే నీకే ఇచ్చేదాన్ని కదప్పా. పేరు ఎందుకు తీసేస్తివి?" అన్నది. నా చేతిలోని పతకం తీసుకుని కొంగున ముడేసి, నన్ను బస్సెక్కించమన్నది. సుగటూరు దాకా నా వైపు తిరగలేదు. నేనూ ఆ మోసంలో ఉన్నానో లేదో ఆమెకెట్లా తెలుస్తుంది? అడిగితే చెప్పుకునేదాన్ని. అడగలేదు.

ఇంటికొచ్చేసరికి అన్న ముందే చేరి, గోడకు ఒరిగి కూర్చొని ఉన్నాడు. పక్కన అమ్మ చేటలో బియ్యం పోసుకుని ఉంది. "ఎందుకు చేసినావు?" అన్నాను.

"క్లబ్బులో ప్రతివాడికీ గొప్పగా చెప్పుకునేదానికి ఎవరో ఒకరుండారు. మన తాత ఏంటి? కొవ్వొత్తులు లెక్కబెట్టి ఇచ్చినాడు. అది చెప్పుకుంటామా?" అన్నాడు. "ఒక చీటీ. ఎవరికి నష్టం?"

నేను అమ్మ వైపు తిరిగినాను, నా పక్షాన ఒక మాట అంటుందని. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరతా, తల ఎత్తకుండా, "నలుగురిలో అన్న పరువు తీస్తావా? వాడు ఆకురాయితో అంచు రుద్దతా ఉంటే నేను చూసినాను. వద్దనబుద్ధి కాలేదు. మీ తాతకు ఒక గొప్ప వస్తాది కదా అనుకుంటి," అన్నది.

తాతను మా అమ్మకంటే ఎక్కువ ప్రేమించినవాళ్లు లేరు. ఆయన చేతి కొవ్వొత్తి తీసుకుని కిందికి దిగి, క్షేమంగా పైకొచ్చిన మనుషులు పండక్కి మా ఇంటికొచ్చి దండం పెట్టి పోయేవాళ్లని చెప్పింది కూడా ఆమే.

ఆ నెలలోనే బడి దగ్గర వేరే గది తీసుకున్నాను. మేమిద్దరం కూడబెట్టిన పతకాల్లో నా భాగం అన్నకే వదిలేసినాను. ఆయన తరువాత ఇంకో పతకం కొన్నాడని విన్నాను. ఈసారి అంచు ముందే నున్నగా ఉన్నది. తాత యుద్ధం కథ ఆ ఇంట్లో ఇంకా నడుస్తానే ఉంది. అన్న పిల్లలు వాళ్ల పిల్లలకు చెప్తారు. నేను వాళ్లింటికి పోతే మాత్రం మాట మార్చేస్తారు.

సుగటూరుకు మళ్లీ కొన్నిసార్లు పోయినాను. అవ్వ మర్యాదకు లోటు చేయలేదు. అరుగు మీద చాప వేసి, లోటాలో మజ్జిగ ఇచ్చి, బడి ఎట్లుందని అడిగేది. పట్టుపురుగులున్న లోపలికి మాత్రం మళ్లీ రమ్మనలేదు. పతకం మాట నేను ఎత్తబోతే, "బస్సు టయమయితా ఉండాది, పోయి రామ్మా," అని లేచి నిలబడేది.