నలభై కాడ తప్పింది

సిరిసిల్లల పదో తరగతి చదివేటప్పుడు లెక్కల పీరియడ్ అంటే మమతారాణికి భయమయ్యేది. ఉపేందర్‌రావు సార్ బెత్తం బల్ల మీద పెట్టి, కండ్లు మూసుకొని హాజరు పట్టిక మీద వేలు పెట్టేటోడు. వేలు ఎవరి పేరు మీద ఆగితే వాళ్లు బోర్డు కాడికి పోవాలె.

ఒక శనివారం సార్ చెప్పిండు: "ఏ సంఖ్యనైనా దాని తర్వాతి సంఖ్యతో గుణించి నలభై ఒకటి కలపుండ్రి. ఎప్పుడైనా ప్రధాన సంఖ్యనే వస్తది. సోమవారం ఒకల్లను లేపుతా, చేసి చూపియ్యాలె."

ఏ సంఖ్య అడుగుతడోనన్న భయంతోని మమత ఒకటి నుంచి మొదలుపెట్టింది. నలభై మూడు, నలభై ఏడు, యాభై మూడు. ముప్పై తొమ్మిది దాకా సార్ మాట నిలబడ్డది. నలభై కాడ పదహారు వందల ఎనభై ఒకటి వచ్చింది. అంటే నలభై ఒకటి ఇంటూ నలభై ఒకటి. ప్రధాన సంఖ్య కాదు!

మూడుసార్లు మళ్ల చేసింది. మరమగ్గాల కార్ఖానల సాంచాలు నడిపి నడిపి అలసి అన్నానికి ఇంటికొచ్చిన బాపు సిద్దిరాములును అడిగింది.

"బాపూ, సార్ తప్పు చెప్తడా?"

"సార్ ఎందుకు తప్పు చెప్తడు బిడ్డా? నువ్వే ఎక్కడనో తప్పినవ్, జర సూస్కో."

సోమవారం వేలు ఆమె పేరు మీదనే ఆగింది. ఐదు రాసి కూసుందామనే సుద్దముక్క ఎత్తింది. గని ఐదు రాస్తే దాచినట్టయితది. నలభై రాసింది. లెక్క పూర్తయ్యేసరికి ఎనుక సార్ అడుగుల చప్పుడు. మమత కండ్లు మూసుకుంది.

"ముప్పై తొమ్మిది దాకా చేసినవా?"

"చేసిన సార్."

"నేను పది దాకనే చూసిన," అని సార్ బోర్డు తుడిచి వేరే పాఠం ఎత్తుకున్నడు.

దెబ్బలు తప్పినయ్ గని భయం పెరిగింది. ముప్పై తొమ్మిదిసార్లు నిజమైంది నలభయ్యోసారి కూలితే, ఇగ దేన్ని నమ్మాలె? వారం తర్వాత తనంతట తనే స్టాఫ్‌రూంకు పోయింది.

"సార్, త్రిభుజం కోణాలు కలిపితే నూట ఎనభై అన్నరు. లోకంల ఉన్న త్రిభుజాలన్నీ ఎవరు కొలిచిండ్రు?"

సార్ కాగితం మీద త్రిభుజం గీసి, పై మూల నుంచి కింది గీతకు సమాంతరంగ ఇంకో గీత గీసిండు. కింది కోణాలు రెండూ పైకొచ్చి మూడోదాని పక్కన కూసున్నయ్. మూడూ కలిసి తిన్నని గీతైనయ్, అంటే నూట ఎనభై.

"కొలిచే పనే లేదు. ఏ త్రిభుజమైనా గింతే."

ఎన్నడూ కూలనిది ఒకటి ఉన్నదని అప్పుడు తెలిసింది. ఆ కాగితం అడిగి తెచ్చుకుంది.

ఇప్పుడు మమత కరీంనగర్‌ల డిగ్రీ కాలేజీల లెక్కలు చెప్తది, ప్రధాన సంఖ్యల మీద పరిశోధన చేస్తది. పోయిన వానాకాలం, లెక్కల పరిశోధన పత్రికకు పంపిన వ్యాసంల ఎనిమిదో పేజీ కాడ రుజువుల ఒక సందు ఉన్నట్టు తనకే కనబడ్డది. రెండు దినాలు మళ్ల మళ్ల సరిచూసింది. ఎవరూ పట్టకముందే లేఖ రాసి వెనుకకు తీసుకుంది. ఆ సందు పూడ్చేందుకు ఏడు నెలలు పట్టింది. నిన్న మళ్ల పంపింది. పొద్దుగాల నుంచి ఆ ఎనిమిదో పేజీనే మళ్ల మళ్ల చదువుతున్నది.