గూడ్స్ బండి మీది కెటిల్

పోయిన నెల రాంగోపాల్‌పేట్‌లోని ఒక పాత గోదాములో బొమ్మల ప్రదర్శన పెట్టారని, తెలిసినావిడ ఒకరు నా ఫోన్‌కు ఫొటో పంపింది. చూసి, చేతిలోని పల్లీలు కింద పోసుకున్నాను. తుప్పు రంగు ఇనుప రేకు మీద తెల్లటి గీతతో గీసిన చాయ్ కెటిల్. కింద చీటీ మీద "అజ్ఞాత కళాకారుడు" అని ఉంది. నేను కాకిని నెమలి చేసి చెప్పకపోతే అన్నం అరగని మనిషినని మా మల్కాజ్‌గిరి కాలనీ మొత్తం ఒప్పుకున్న సంగతే. కానీ ఆ కెటిల్ మొదట గీసింది మా మేనత్త మొగుడని, ఆయన పోయి ముప్ఫై ఏళ్లు దాటిందని చెబితే మాత్రం, దేవుని సాక్షిగా అది నిజం.

మామ సికింద్రాబాద్ యార్డులో గూడ్స్ వ్యాగన్లు తనిఖీ చేసేవాడు. పొడుగు పిడి సుత్తితో ఒక్కో చక్రాన్ని కొట్టి తల వంచి వినేవాడు. మంచి చక్రం చర్చి గంటలా మోగేదట, పగులున్నది ముసలాడిలా దగ్గేదట. బాగుందనుకుంటే తలుపు మీద సుద్దతో టిక్కు పెట్టాలి, అంతవరకే డ్యూటీ. మామ మాత్రం ఆ పక్కనే, చెయ్యెత్తకుండా ఒకే గీతతో కెటిల్ గీసేవాడు. ఎడమచేతి వాటం కనుక కెటిల్ మూతి ఎప్పుడూ ఎడమవైపే. వానకు తొందరగా పోకుండా సుద్దను అవిసె నూనెలో నానబెట్టేవాడు. "నేను కాజీపేట దాటింది లేదు. నా కెటిల్ మాత్రం దేశమంతా తిరిగొస్తది" అనేవాడు. ఒకసారి అలా తిరిగొచ్చిన వ్యాగన్ మీద, కెటిల్ మూతి కింద ఎవరో కప్పూ సాసరూ గీసి పంపారు. ఏ ఊరి యార్డువాడో తెలియదు. అప్పటినుంచి ముఖాలు తెలియని ఇద్దరి మధ్య మాటల్లేని ఉత్తరాలు నడిచాయి. కప్పు వచ్చిన రోజు మామ ఇంటికి ఉస్మానియా బిస్కెట్లు తెచ్చేవాడు, చుట్టం దిగినట్టు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం మామ చక్రం కొట్టి, చెవి ఆనించి విని, అలాగే కూర్చుండిపోయాడు. చక్రం మోత ఆగాక కూడా లేవకపోతేగానీ పక్కవాళ్లకు తెలియలేదు. అత్త సమాధుల తోటకు ఒక్కసారే వెళ్లింది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం రైల్వే గేటు దగ్గర నిలబడేది. దాటిపోయే గూడ్స్ మీద కెటిల్ కనబడితే ఇంటికొచ్చి అన్నం తినేది. కనబడకపోతే పస్తు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి, "అమ్మా, ఆయన ప్రభువు దగ్గర ఉన్నారు" అన్నారు. "ఉండనీయండి అయ్యగారూ. డ్యూటీ మీద సుత ఉన్నడు కదా" అంది అత్త. ఆయన చాయ్ ముట్టకుండా లేచి వెళ్లారు.

వానలు మొదలై కెటిళ్లు తగ్గాయి. అత్త గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. మామకు రోజూ క్యారేజీ తీసుకెళ్లినదాన్ని, యార్డులో నన్ను అడ్డుకునేవాళ్లు లేరు. మామ డబ్బాలో మిగిలిన సుద్దతో, ఎడమచేత్తో, నేను కెటిళ్లు గీయడం మొదలుపెట్టాను. మామకు జోడీగా పనిచేసిన ముసలాయన, యార్డంతటికీ చాచా, అటు తిరిగి బీడీ ముట్టించేవాడు. "జెర జల్ది కానీ బిటియా, సాబ్ చూస్తే నా నౌకరీ పాయె. అయినా కెటిల్ గిట్లుంటదా? వంకాయ లెక్క ఉంది!" వంకాయలైతేనేం, అత్త మళ్లీ అన్నం తింది. నేనాడిన అబద్ధాల్లో నోరు విప్పకుండా ఆడింది అదొక్కటే.

వానాకాలం చివర ఒకరోజు గేటు దగ్గర అత్త నా భుజం మీద చెయ్యి వేసింది. "చాలు బిడ్డా, ఇగ గీయకు. ఆకలైతుంది, నేనే తింటా."

సుద్ద అంటిన ఎడమచెయ్యి వెనక్కి దాచుకున్నాను. "ఎప్పటి నుంచి తెలుసు అత్తా?"

"మొదటి దినం నుంచే. మీ మామ కెటిల్ పోసేటట్టుంటది. నీది అడుక్కునేటట్టుంటది."

"మరి ఎందుకు తిన్నవ్?"

"గంత కష్టపడి గీస్తివి కదా!"

ఆ అత్తకిప్పుడు ఎనభై దాటాయి. ఫొటో చూపిస్తే, నేను తలుపు తాళం వెతికేలోపే చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది. "ఆయన చేతిది ఒక్కటన్నా ఉంటదా?" అని ఆటోలో నాలుగుసార్లు అడిగింది. గోదాములో అద్దాలు బిగించిన ఐదు రేకులున్నాయి, తుక్కు చేసిన వ్యాగన్ల తలుపుల నుంచి కోసినవి. ఐదూ ఒకే ఆసామి కొన్నాడట, సాయంత్రానికి వెళ్లిపోతాయి. ముక్కుపుడక పెట్టుకున్న నిర్వాహకురాలు ఉత్సాహంగా చెప్పింది: "దీన్ని టాగ్ అంటారు ఆంటీ, గీసినోళ్ల గుర్తు అన్నట్టు. ఫారిన్‌లో సుత ఫస్ట్ రైల్వే వర్కర్స్ వ్యాగన్ల మీద గిట్లనే గీసేవాళ్లంట. తర్వాత పోరగాళ్లు గోడల మీద, రైళ్ల మీద పేర్లు రాసుడు షురూ చేస్తే పోలీసులు వెంటపడ్డరు. ఇప్పుడు అవే పెద్ద పెద్దోళ్ల డ్రాయింగ్‌రూముల్ల ఉన్నయ్!" తరిమిన గీతలకే ఇప్పుడు కాపలా అన్నమాట. "వీటిల్లో కొన్ని నేను గీసినవే" అన్నాను. "సో స్వీట్ ఆంటీ" అని నవ్వింది. ఎప్పుడో ఒకసారి నిజం చెబితే దక్కిన మర్యాద అది.

అత్త మొదటి రేకు ముందు ఆగింది. "నువ్వు." రెండోది. "ఇది సుత నువ్వే, వంకాయ." మూడు, నాలుగు కూడా నావే. ఒక్కో రేకు దాటేకొద్దీ ఆమె అడుగు చిన్నదవుతూ వచ్చింది. ఐదోదాని మీద కెటిల్ పక్కన కప్పు ఉంది. అత్త అద్దం మీద వేలు పెట్టి గీత వెంట నడిపింది. అడుగు, పిడి, మూత, ఎడమవైపు మూతి. వేలు ఎత్తలేదు. మూతి నుంచి గీత చాయ్ ధారలా జారి కప్పులోకి దిగింది. కెటిలూ కప్పూ ఒకే గీత, ఒకే చెయ్యి.

"ఇది పోస్తున్నది" అంది అత్త. "ఇది ఆయనదే."

ముక్కుపుడక పిల్ల ఇబ్బందిగా రేకు మూలనున్న అచ్చు అంకెలు చూపింది. వ్యాగన్ తయారైన సంవత్సరం. మామ పోయిన పదకొండేళ్ల తర్వాతిది. నేను వంగి ఆ అంకెలు రెండుసార్లు చదివాను. తేరుకుని, "ఆ కప్పులు గీసి పంపే ఆయన గీసి ఉంటడు అత్తా. మామ కెటిల్ రాకపోయేసరికి రెండూ తనే గీసుకున్నడేమో, నా లెక్కనే" అన్నాను.

"ఆయనది సుత ఎడమచెయ్యేనా?"

కథలు కట్టే నోరు సమయానికి పనిచేయకపోవడం అదే మొదటిసారి. ఆ పిల్ల చీటీ మీద పెన్ను పెట్టి, "అంకుల్ పేరు చెప్పండి, రాస్తాను" అంది. అత్త తల అడ్డంగా ఊపింది. "వద్దు బిడ్డా. పేరు రాస్తే పని అయిపోయినట్టు. ఇంకా తిరుగుతున్నడు, తిరగనీ."

తిరిగి వస్తుంటే రైల్వే గేటు పడింది. గూడ్స్ వచ్చింది, నిన్ననో మొన్ననో రంగు వేసినట్టున్న కొత్త వ్యాగన్లు. అత్త ఆటోలోంచి ముందుకు వంగి, నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "అగో." తిరిగి చూశాను. ఏం కనబడిందో చెబితే మీరు నమ్మరు, కాబట్టి ఏమీ కనబడలేదనే రాస్తున్నాను. అత్త మాత్రం ఇంటికొచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. మనిషి వెళ్లిపోవడానికి ఒక్క మధ్యాహ్నం చాలింది. ఆ గీత పోవడానికి ఎన్ని వానలు కావాలో, ముప్ఫై ఏళ్లుగా వానలు చూస్తున్నా నాకింకా తెలియలేదు.