శవం కోసం ఆగిన పడవ

మా చిన్నాయన పోయారు. మొన్న సోమవారం పొద్దున, తిరుమణి దగ్గర మా ఊళ్లో, తిన్నె మీద కూర్చుని టీ తాగుతూనే పక్కకు ఒరిగిపోయారు. పండు వయసు. ఆ చావులో అన్యాయమేమీ లేదు. అన్యాయం తర్వాత జరిగింది.

ఆయన ఓడల్లో పనిచేసిన మనిషి. వానలు లేని ఈ పావగడ సీమ నుంచి వయసులో బొంబాయి వెళ్లి, సరుకుల ఓడలో ఖలాసీగా చేరారు. ఒక ఏడు సరుకు దొరక్క, ఆ ఓడను నార్వేలో ఒక ఫియర్డ్‌లో లంగరేసి వదిలేశారు. ఫియర్డ్ అంటే కొండల నడుమకు మైళ్లకొద్దీ చొచ్చుకొచ్చిన సముద్రం. ఓడకు కాపలా ఉంచిన కొద్దిమందిలో ఈయనొకరు. చలికాలమంతా అక్కడే.

"సముద్రం కొండల్లోకి ఎట్లొచ్చింది చిన్నాయనా?" అని అడిగేవాళ్లం.

"నీళ్లకు సిగ్గేముండాదప్పా? సందు దొరికితే దూరతాది, మన లీడర్ల మాదిరి!"

ఊరికి తిరిగొచ్చినా ఓడ ముడులు మరువలేదు. ఆయన కట్టేసిన ఆవును ఇంకెవరూ విప్పలేకపోయేవారు. "ఈ ముడి ఇప్పల్లంటే నేనూ ఓడెక్కి రావల్లేమో" అని చిన్నమ్మ దెప్పేది.

ఎన్నిసార్లో చెప్పిన సంగతి మాత్రం ఒకటుంది. ఆ ఫియర్డ్‌లో ఇళ్లు ఒక గట్టున, చర్చీ సమాధులూ అవతలి గట్టున. బతికినవాళ్లను దాటించే పడవే శవాలనూ దాటించేది. "పెట్టె వస్తాండాదంటే పడవ కదల్దు. పనికి పొయ్యేటోళ్లు గూడా టోపీలు తీసి నిలబడతారు, ఒక్కడూ గొణగడు. సచ్చినోడికి తొందర లేదు గానీ, మర్యాద ఉండాదప్పా!"

చిన్నమ్మ పోతే వేరుశనగ చేను మూలన పూడ్చాం. సొంత నేలలో పూడ్చడం మావాళ్ల ఆచారం. తర్వాత వరసగా పంటలు పోయి, ఆ చేను సోలార్ కంపెనీకి లీజుకిచ్చారు. ఆరోజు ఆయన అడిగింది ఒక్కటే.

"మా ఆడమనిషి ఆ మూలన ఉండాది సార్. నన్నూ ఆ పక్కనే పెట్టనిస్తారా?"

"దానిదేముంది తాతా, గేటు తీస్తాం" అన్నాడు వచ్చిన ఆఫీసరు. నేను పక్కనే ఉన్నాను.

సోమవారం ఆ గేటు ముందే పాడె దించాం. కాపలావాడు పక్కూరివాడే, కళ్లు దించుకున్నాడు. "నా చేతిలో ఏముండాదన్నా? పైనుంచి పర్మిషన్ రావల్ల." ఫోన్ల మీద ఫోన్లు చేశాను, అరిచాను. రూల్స్ ఒప్పుకోవన్నారు. పొద్దు వాలింది.

నన్ను అభివృద్ధి విరోధి అనేవాళ్లు కాస్త ఆగండి. ఎండతో కరెంటు తీస్తే నాకెందుకు కోపం? పొగలేని కరెంటు కావాలని మీటింగుల్లో గొంతు చించుకున్నవాణ్ణి నేను. నా ప్రశ్న ఒకటే: లీజుకు తీసుకున్నది నేలనా, నేలలో ఉన్న మనుషులనా? ఎక్కడో చలిదేశంలో ముక్కూమొహం తెలియని శవం కోసం పడవ ఆగింది. ఇక్కడ తన చేను ముందు ఆసామే ఆగిపోయాడు.

చివరికి కంచె బయట, దారి పక్క బీడులో పూడ్చాం.

మూడోనాడు పాలు పోయడానికి వెళ్లాం. ఆయన కూతురు, మా చెల్లెలు, నాయన మట్టి మీద సగం పోసి, చెంబుతో కంచె దగ్గరికి నడిచింది. చిన్నమ్మ ఉన్న మూల సోలార్ పలకల వరసలకు అవతల ఎక్కడో ఉంది. మిగిలిన పాలు అరచేతిలో పోసుకుని, ముళ్లతీగల మధ్యనుంచి మోచేతి దాకా చెయ్యి చాపింది.

"అందినకాడికి తీసుకోమ్మా" అంది.

పాలు వేళ్ల నడుమనుంచి కారి, పలక నీడలో, ఎర్రమట్టిలో ఇంకిపోయాయి.