‘పూర్తి బలంతో ఊదారు’

నిన్న మా ఆఫీసుకు అట్టగొట్టాల పెట్టె ఒకటి వచ్చింది. ఊపిరి కొలిచే మిషన్‌కు తగిలించి, రోగి నోట్లో పెట్టుకుని ఊదే గొట్టాలు అవి. వానలో తెచ్చారేమో, మూత తీయగానే తడిసిన అట్ట వాసన కొట్టింది. హైదరాబాదులో ఆరో అంతస్తులో కూర్చున్న నాకు గోదావరిఖనిలోని ఆ ఇరుకు గది కళ్లముందుకు వచ్చింది. బొగ్గుబాయిలో మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి వచ్చిన ముగ్గురు నలుగురు గోడవారన బెంచీ మీద కూర్చుని దగ్గుతున్నారు. ఎదురుగా కాత్యాయని మేడం చక్కెర లేని చాయ్ తాగుతూ మొహం చిట్లిస్తున్నారు. మేడం పోయి ఏడాది అవుతోంది. ఏడుపేమీ రాలేదు గానీ ఒళ్లంతా అలసిపోయినట్టయింది. పెట్టె మూసేసి పక్కకు జరిపాను.

మేడం ఊపిరితిత్తుల డాక్టరు. కానీ ఆవిడ అసలు పని రోగులను చూడడం కాదు. ఫలానా మందును ప్రభుత్వం అందరికీ ఉచితంగా ఇవ్వాలా వద్దా అని నిర్ణయించే ముందు, ఆ మందు నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చి చెప్పడం. మా దగ్గరికి వచ్చింది కూడా అందుకే. బొగ్గు దుమ్ముకు ఊపిరి పాడైన కార్మికులకు ఒక పీల్చే మందు ఉపయోగపడుతుందేమో చూడాలి. గోదావరిఖనిలో కొందరు ఆ మందు పీలుస్తారు. దగ్గర్లోనే ఉన్న సెంటినరీ కాలనీలో కొందరు కార్మికులు ఎప్పటి మాత్రలే మింగుతారు. మొదట ఒకసారి, ఆర్నెల్లకు ఇంకోసారి అందరి ఊపిరీ కొలుస్తాం. అక్కడికన్నా ఇక్కడ మెరుగైతే మందు పనిచేసినట్టు. నేను ఖనిలోనే పుట్టి పెరిగినదాన్ని, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి ఖాళీగా ఉన్నాను. ఇక్కడ ఊదించే పని నాకిచ్చారు. అక్కడ ఇంకో అమ్మాయి చేసేది.

మొదటి రోజే మేడం గొట్టం నా చేతికిచ్చి, “నువ్వు ఊదు రజితా” అన్నారు. ఊదాను. “ఇంకా.” ఊదాను. “ఇంకా, ఇంకా!” అని అరుస్తూనే ఉన్నారు. కళ్లు బైర్లు కమ్మి కుర్చీ పట్టుకున్నాను. “అదీ పూర్తి బలం. దానికి తక్కువైతే టిక్కు పెట్టకు” అన్నారు. మా కాగితంలో అడుగున ‘పూర్తి బలంతో ఊదారు’ అని ఒక గడి ఉండేది. ఆ టిక్కు పెట్టాల్సింది నేనే. ఏం మనిషిరా బాబూ అనుకున్నాను.

ఇంకోసారి, రెండు వారాలుగా రాని ఒకాయన పేరు పక్కన ‘మానేశాడు’ అని రాశాను. మేడం దాన్ని కొట్టేసి, “ఎందుకు మానేశాడు?” అన్నారు. తెలియదన్నాను. “తెలియకపోతే వెళ్లి కనుక్కో.” మండుటెండలో ఆటో ఎక్కి పోయాను. ఆయన అక్క చేనులో పత్తి ఏరడానికి పోయాడట. తిరిగొచ్చి విసుగ్గా చెప్పాను. మేడం మాత్రం ఆ మాటంతా శ్రద్ధగా రాసుకున్నారు. “మనిషి ఏదైనా చేస్తే దానికి ఒక కారణం ఉంటుంది. నువ్వు అడగకపోతే నీ కాగితంలో అంకె ఉంటుంది గానీ మనిషి ఉండడు” అన్నారు. ఆవిడకు పనీపాటా లేదనుకున్నాను. నిజం చెప్పాలంటే అప్పుడు ఆవిడంటే నాకు భయమూ చిరాకూ తప్ప ఇంకేం లేవు.

ఇప్పుడు మల్లయ్య కాక గురించి చెప్పాలి. మా క్వార్టర్ పక్క క్వార్టరే. మా నాన్నతో కలిసి బాయి దిగినవాడు. నాన్న పోయాక నా ఫీజుకు, మా అమ్మ దవాఖానకు వెంట తిరిగినవాడు. మొదటిసారి ఊపిరి కొలవడానికి వచ్చినప్పుడు గొట్టం చేతిలో పట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

“బిడ్డా, గీ కాయితం మెడికల్ బోర్డుకు పోతదా?”

మా దగ్గరివాళ్లకు ఆ ప్రశ్న వివరించక్కర్లేదు. కార్మికుడు ఇక పనికి రాడని బోర్డు తేల్చి ‘అన్‌ఫిట్’ రాస్తే అతని నౌకరి కొడుక్కి వస్తుంది. కాక కొడుకు శ్రీకాంత్ డిగ్రీ చేసి నాలుగేళ్లుగా ఖాళీగా ఉన్నాడు. ఆ కాగితం బోర్డుకు పోదు. పోదని చెప్పాలి. కానీ కాక కళ్లలో ఆశ చూసి, “ఏమో కాకా” అన్నాను. కాక తల ఊపి, చల్లారిన చాయ్ మీద ఊదినట్టు మెల్లగా ఊదాడు. మిషన్ మీద గీత నాలుగు వేళ్లు కూడా లేవలేదు. నేను టిక్కు పెట్టాను. కాక సంగతి బెంచీ మీద ఉన్నవాళ్లందరికీ చేరింది. ఆ వారమంతా మా ఖనివాళ్లు మెల్లగానే ఊదారు, నేను అందరికీ టిక్కు పెడుతూనే పోయాను. నాదేం పోయింది, పాపం వాళ్లకో నౌకరి వస్తే రానీ అనుకున్నాను.

ఆర్నెల్లు గడిచాయి. బోర్డు ఆ కాగితాలు చూడదని ఈలోగా వాళ్లకే తెలిసిపోయింది. కాకను అప్పటికి ఒకసారి ‘ఫిట్’ అని తిప్పి పంపారు కూడా. రెండో విడతలో నాకు ఇంకో ఆశ పుట్టింది. మందు పనిచేసిందని తేలితే రాష్ట్రమంతా దవాఖానల్లో ఊరికే ఇస్తారు. అందుకని ఒక్కొక్కరికీ చెప్పాను. “కాకా, ఇది బోర్డుకు పోదు. గట్టిగ ఊదు. మందు అందరికి వస్తది.” కాక నవ్వి, “గట్లనా? అయితే చూడు మల్ల” అని బుగ్గలు పొంగించి ఊదాడు. గీత ఆకాశానికి లేచింది.

సెంటినరీ కాలనీ అంకెలు ఉన్నచోటే ఉన్నాయి, మావి బాగా పెరిగాయి. ఫలితాలు చూసి మేడం సంతోషపడడం నేను చూసింది ఆ ఒక్కసారే. మిర్చి బజ్జీలు తెప్పించారు. వారంలో హైదరాబాదులో, మందు ఇవ్వాలో వద్దో తేల్చే కమిటీ ముందు చెప్పాలి. బజ్జీ తింటూ తింటూ పాత కాగితాలు తిరగేస్తున్న ఆవిడ చెయ్యి ఆగింది. మొదటి విడత గీతలు వరసగా బల్ల మీద పరిచారు. ఊపిరి లేనివాడి గీత ఒక తీరుగా ఉంటుందట, ఊదనివాడి గీత ఇంకో తీరుగా.

“రజితా, ఈ టిక్కులు ఎవరు పెట్టారు?”

 అంతా చెప్పేశాను. చివాట్లు పెడతారనుకున్నాను. పెట్టలేదు. ఆ కాగితాలు ఒక్కొక్కటే దొంతి పెడుతూ, “అయితే పనిచేసింది మందో, నీ మాటో మనకు తెలియదు” అన్నారు.

“తెలియకపోతే ఏమైంది మేడం? మందు వస్తది గదా! ఎవరికి నష్టం?” అని ఏడ్చాను.

“పనిచేస్తుందో లేదో తెలియని మందు చేతిలో పెట్టి, ఇక మీకు అన్నీ చేశాం అని ప్రభుత్వం చేతులు దులుపుకుంటుంది. ఆ తర్వాత వీళ్ల కోసం ఇంకో మందు ఎవరూ వెతకరమ్మా.”

కమిటీ ముందు మేడం ఉన్నదున్నట్టు చెప్పారు. నేను వెనక వరసలో కూర్చుని వింటున్నాను. తప్పు తనదేనన్నారు. కార్మికుడు ఎందుకు మెల్లగా ఊదుతాడో అడగకుండా కాగితం తయారు చేశానన్నారు. నా పేరు ఎత్తలేదు. వాళ్లు చల్లగా, సరైన రుజువుతో మళ్లీ రమ్మన్నారు. అంతే, ఫైలు మూసేశారు. ఖనిలో నాకు మొహం చెల్లలేదు. చౌరస్తాలో ఒకాయన ఆపి, “నీ డాక్టరమ్మ మా మందు బంద్ పెట్టించిందట గదనే!” అన్నాడు. ఆయన్ను ఏమీ అనలేక మేడం మీద పళ్లు నూరాను. ఆవిడ నిజాయితీ ఆవిడకు బాగానే ఉంటుంది, దగ్గేది వీళ్లు కదా అని. నెల రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆవిడ పట్టించుకోకుండా మళ్లీ పరీక్షకు అనుమతి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు. దానికి రెండేళ్లు పట్టింది.

అనుమతి వచ్చాక మేడం ముందు చేసిన పని, మిషన్ సంచిలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి జరిగింది చెప్పి క్షమించమని అడగడం. నేనూ వెంట పోయాను. మల్లయ్య కాక మంచంలో దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. మేడం చెప్పిందంతా విని, “తప్పు మీది గాదమ్మా. దొంగ ఊదుడు ఊదింది మేము” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, “మిషన్ తేలేదా బిడ్డా? తే, గిప్పుడు ఊదుత” అన్నాడు.

“ఇది బోర్డుకు పోదు కాకా” అన్నాను, అలవాటుగా.

“ఎరుకే. బోర్డు పోయిన నెలనే అన్‌ఫిట్ రాసింది. మా శ్రీకాంత్ డ్యూటీ ఎక్కిండు.”

కాక గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. మెడ నరాలు తేలాయి, భుజాలు పైకి లేచాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడుసార్లు ఊదాడు. గీత నాలుగు వేళ్లు కూడా లేవలేదు. ఆయాసం తగ్గాక నా చెయ్యి పట్టుకుని, “దొంగతనం లేదు బిడ్డా. గింతే ఉన్నది” అన్నాడు. మేడం కాగితం నా వైపు జరిపి, “టిక్కు నువ్వే పెట్టు” అన్నారు. పెట్టాను. బయటికొచ్చాక మేడం గోడకు చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డారు. నాకు అప్పుడు ఆవిడ మీద కోపం పోయింది. ఎందుకు పోయిందో అడిగితే చెప్పలేను.

రెండో పరీక్షలో మందు కొంచెం పనిచేస్తుందని తేలింది. కొంచెమే. ఇప్పుడు దవాఖానల్లో ఇస్తున్నారు. అప్పటికి కాక లేడు.

నేనిప్పుడు ఇతరులు చేసిన పరీక్షల కాగితాలు సరిచూసే పనిలో ఉన్నాను. టిక్కులన్నీ వరసగా, ఒక్కటీ తప్పకుండా కనిపిస్తే ఫోన్ తీస్తాను. “అమ్మా, వీళ్లు ఎందుకిలా చేశారో ఒక్కరినైనా అడిగావా?” అంటాను. అవతలి పిల్లలు విసుక్కుంటారు, ఈ మేడంకు పనీపాటా లేదనుకుంటారు. అనుకోనీ. నా సొరుగులో కాక కాగితాలు రెండున్నాయి, ఆయన మొదటిసారి ఊదింది, చివరిసారి ఊదింది. నా కంటికి రెండు గీతలూ ఒక్క తీరుగానే ఉంటాయి. మేడం ఉంటే ఏది ఏదో పట్టుకునేవారేమో. తేదీలు చేత్తో మూసి ఎన్నిసార్లు పక్కపక్కన పెట్టి చూసినా నాకు తెలియదు. రెండింటి కిందా నేను పెట్టిన టిక్కే ఉంది.