రెండు ట్యాగుల మధ్య

మా ఎదురింటి సారు పోయారు. ఆదివారం పొద్దున ఆయన భార్య మా తలుపు కొట్టి, "అక్కా, మా ఆయన లేస్తలేడు" అంది. నేను వెళ్లేసరికే ఒళ్లు చల్లబడింది.

ఇక్కడ సూరత్‌లోని అమ్రోలిలో మా తెలుగు మగ్గాలవాళ్ల సంఘం ఉంది. ఆ ఆఫీసు నెట్‌కు కాపలా కాసే సాఫ్ట్‌వేర్‌ను సారే తయారుచేశారు. ఏ కంప్యూటర్‌ను రానివ్వాలో, దేన్ని ఆపాలో దానికి చెప్పేది ఒక ఎక్స్ఎంఎల్ ఫైలు. సంఘం లెక్కలు చూసేది నేనే కనుక, ఆ ఫైలు చదవడం నాకూ ఓపికగా నేర్పారు. ఈ వయసులో అంత ఓపికగా నాకు ఇంకెవరూ ఏదీ నేర్పలేదు.

ప్రతి నియమానికీ మొదట ట్యాగ్ అనే ఒక గుర్తు, చివర ఒక ట్యాగ్. చివరిది మరిస్తే సాఫ్ట్‌వేర్ మొదలే కాదు. అందుకని సారు మొదటిది రాయగానే చివరిదీ రాసేసి, ఆ తర్వాతే మధ్యలోకి వచ్చేవారు.

"ముందు తలుపులు పెట్టాలె అక్కా. సామాన్ తర్వాత సర్దుకోవచ్చు" అనేవారు.

ఇంట్లోనూ అంతే. చాయ్ పొడి తీస్తే, డబ్బాకు మూత పెట్టాకే గిన్నెలో వేసేవారు. "నీళ్లు మసిలి మసిలి ఇంకిపోతున్నయ్. ఈయన డబ్బాకు తాళం గూడ ఏస్తడు" అని భార్య ఎగతాళి చేసేది.

శనివారం సాయంత్రం నేను వెళ్లినప్పుడు పడుకుని ఉన్నారు. సంఘానికి కొత్త కంప్యూటర్ వచ్చింది, దానికి నియమం రాయాలి.

"సోమవారం ఆడిటర్ వస్తున్నడు సారూ. జర ఇయ్యాల్నే రాసి పెట్టుర్రి."

"ఛాతీల పట్టేసినట్టున్నది అక్కా. రేపు పొద్దుగాల రాస్త."

"రేపు రేపంటే ఆడిటర్ ఆగుతడా?" అనేసి వచ్చాను. ఛాతీ అన్న మాట నా చెవిన పడింది. పడ్డా ఆగలేదు.

సోమవారం ఆడిటర్ వచ్చాడు. పాత కంప్యూటర్‌లోనే లెక్కలన్నీ చూసుకుని, చాయ్ తాగి వెళ్లిపోయాడు. అతను వెళ్లాక మా కార్యదర్శి, సూరత్‌లో పుట్టి పెరిగిన కుర్రాడు, నన్ను గుజరాతీలో అమ్మా అన్నట్టు పిలుస్తూ, "బా, నయా కంప్యూటర్ ఇంకా చాలూ కాలే. జర ఫైల్ చూడుర్రి" అన్నాడు.

తెరిచాను. అన్నిటికన్నా కింద ఒక కొత్త నియమం. మొదటి ట్యాగ్ ఉంది, చివరి ట్యాగ్ ఉంది. మధ్యలో ఏమీ లేదు. రెండూ ఉన్నాయి కనుక సాఫ్ట్‌వేర్ ఏ పేచీ లేకుండా నడుస్తూనే ఉంది.

సాయంత్రం ఆయన భార్యను అడిగాను. "మీరు పోయినంక లేసి ల్యాప్‌టాప్ ముందట కూసున్నడక్కా. రాయకుంటే అక్క ఊకోదని నవ్విండు. కొంచెం సేపటికే ఆయాసమొస్తున్నదని పండుకున్నడు" అంది. అందులో నిందేమీ లేదు. అదే నాకు కష్టంగా ఉంది.

ఆ మధ్యలో ఏం రాయాలో నాకు తెలుసు, ఆయనే నేర్పారు. రోజూ ఫైలు తెరిచి కర్సర్‌ను అక్కడే పెడుతున్నాను. ఆయన వేసిన రెండు తలుపుల నడుమ అది ఆరుతూ, వెలుగుతూ ఉంటుంది.