పదకొండు దెబ్బలు, ఒక వీసా

యాభై దాటినవాళ్లు వచ్చి ఉండటానికి థాయిలాండ్ ఇచ్చే వీసాకు దరఖాస్తు చేసినప్పుడు నాకు యాభై రెండేళ్లు. కావలసిన పత్రాలను ఒక తెల్ల కాగితం మీద వరుసగా రాసుకున్నాను. మొత్తం తొమ్మిది. ఒక్కొక్కటీ చేతికి వచ్చినకొద్దీ పక్కన టిక్కు పెట్టుకుంటూ ఎనిమిది పూర్తి చేశాను. డాక్టరు పత్రంలో క్షయ, కుష్టు, బోదకాలు లాంటి ఐదు జబ్బులున్నాయి. అవేవీ నాకు లేవని సూర్యాపేట డాక్టరు సంతకం పెట్టాడు. తోడబుట్టినవాడి లాంటి మనిషి చెయ్యి విరగ్గొట్టడం ఆ ఐదింటిలో లేదు. అది తొమ్మిదో పత్రం సంగతి.

తొమ్మిదోది, నా మీద ఏ కేసూ లేదని పోలీసులు ఇవ్వవలసింది. స్టేషన్‌లో రాతపని చూసే కానిస్టేబుల్ కంప్యూటర్ తెరను నా వైపు తిప్పాడు.

"సారూ, మీ మీద కేసున్నది. తొమ్మిదేండ్ల సంది నడుస్తనే ఉన్నది. వాయిదాలకు పోక వారెంటు గూడ అయింది."

"అది ఎప్పుడో రాజీ అయింది గదా! పెద్దమనుషుల ముంగట స్టాంపు కాయితం రాసుకున్నం. యాటను కోసి రెండు దిక్కులోళ్లం కలిసి తిన్నం."

"యాటకూర మీరు తిన్నరు గని, కోర్టు తినలే గద సారూ," అని అతను నవ్వాడు.

మా ఊళ్లలో నూటికి తొంభై మంది చేసే తప్పే నేనూ చేశాను. ఊళ్లో రాజీ అయితే కోర్టులో కేసు దానంతటదే ఆరిపోతుందనుకున్నాను. ఒక్క వాయిదాకైనా పోలేదు.

మా పొలాలు త్రిపురారం దగ్గర, కాలువ కింద. నేను పదో తరగతి దాటలేదు. లెక్కలు మిర్యాలగూడ రైస్ మిల్లులో కాంటా దగ్గర నేర్చుకున్నాను. తేమకు ఎంత కోత, నూకకు ఎంత కోత అన్నది ముందు నోటితో చెప్పి, తరువాత కాగితం మీద సరిచూసుకునేవాణ్ణి. తప్పేది కాదు. అందుకే మా తూము కింది రైతులు నీళ్ల వంతులు కట్టే పని నాకు అప్పగించారు. ఎకరానికి ఇన్ని నిమిషాలని కట్టి, పన్నెండు మందికి పన్నెండు చీటీలు రాసిచ్చాను. తూము పక్క పొలం నాది. చిట్టచివరిది మా చిన్నాయన కొడుకుది.

తూము ఎత్తాక నీళ్లు ఎండిన కాలువలో పారి చివరి పొలం చేరడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఆ నలభై నిమిషాలు నేను కట్టలేదు. అతని వంతు మొదలైనా మడిలోకి నీళ్లు రావు. మడి సగం తడిసేసరికి వంతు అయిపోతుంది.

మూడో వంతు నాడు, ఎండ నడినెత్తిన ఉండగా, అతను పార భుజాన వేసుకుని వచ్చాడు.

"అన్నా, నీ చీటీల నా నలభై నిమిషాలు యాడ వొయినయ్?"

అప్పటికే నా తప్పు నాకు తెలుసు. కానీ చుట్టూ తక్కిన రైతులున్నారు.

"లెక్క మంచిగనే ఉన్నది తమ్మీ. నువ్వే యాళ్లకు లేవవు."

పారకున్న కర్ర కామ నా ఎడమ చెవి మీద పడింది. ఆ చెవికి ఆనాటి నుంచి వినికిడి లేదు. నేను ఆ కామను గుంజుకున్నాను. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది మోచేతి మీద. మూడోది మళ్లీ అదే మోచేతి మీద పడ్డప్పుడు ఎండిన కందికట్టె విరిగిన చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు కుడి చెవికి వినిపించింది. అయినా ఆగలేదు.

మా దగ్గర పెద్దమనుషులు రాజీకి కూర్చుంటే ముందు దెబ్బలు లెక్క పెడతారు. ఎవరు ఎన్ని కొట్టారన్నదాన్ని బట్టి తప్పు కింద జరిమానా వేస్తారు. అతనిది ఒకటి. నావి ఏడని చెప్పాను. నా అంకెను ఎవరూ కాదనలేదు. అతను దవాఖానలో ఉన్నాడు.

యాట తిన్న నెలకే నా గడ్డివాము కాలిపోయింది. నేను గడ్డపారతో అతని ట్రాక్టరు లైట్లు రెండూ పగలగొట్టాను. తరువాత గోడ అవతలి నుంచి ఒక రాయి వచ్చి, వాకిట్లో బియ్యం చెరుగుతున్న నా భార్య కనుబొమ్మ మీద పడింది. నాలుగు కుట్లు. చేటలోని బియ్యం ఎర్రబడ్డాయి. మేం పొలం అమ్ముకుని సూర్యాపేటలో కిరాయింట్లో చేరాం. అతను కోదాడ పోయి హైవే మీద టైర్ల దుకాణం పెట్టుకున్నాడు. అయినా పెళ్లిళ్లలో, చావుల్లో ఎదురుపడితే చొక్కాలు చినిగేవి.

సూర్యాపేటలో నేను పనికి చేరిన రైస్ మిల్లు యజమాని యంత్రం పని నేర్చుకురమ్మని ఒకసారి నన్ను ఆరు వారాలు థాయిలాండ్ పంపాడు. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. ఆరు వారాల్లో నా వెనక ఎవరు నడుస్తున్నారో నేను ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. వచ్చి ఆ మాట చెబితే నా భార్య అంది, "గాడికే పోదాం. మనం ఎవరమో తెలువని తావుల సస్తె సాలు నాకు." ఆమెకు ఇంకా యాభై నిండలేదు. అందుకే దరఖాస్తు నా పేరు మీద. నా వీసా వస్తే భార్యగా ఆమెకు వస్తుంది.

వకీలు ముందు వారెంటు రద్దు చేయించాడు. రాజీకి వీలున్న కేసే, ఇరవై మూడు రోజుల్లో మిర్యాలగూడలో లోక్ అదాలత్ ఉంది, దెబ్బలు తిన్నవాడు వచ్చి సంతకం పెట్టాలి అన్నాడు.

కోదాడకు ఒక్కణ్ణే పోయాను. అతను ఎడమ చేత్తో లారీ టైరు ఊడదీస్తున్నాడు. కుడి మోచెయ్యి సగమే వంగుతుంది. నేను వచ్చిన పని చెప్పాను.

"దేశం దాటిపోతున్నవా అన్నా? మంచిగున్నది. నాకు చెయ్యి లేదాయె, నీకు విమానమాయె."

"తమ్మీ, ఒక్క సంతకం."

"పెడ్త. ఎన్ని కొట్టినవో ముందుగాల చెప్పు."

"ఏడు."

టైర్లు విప్పే ఇనుప రాడ్డు నా మోకాలి మీద పడింది. టైర్ల కుప్ప మీద కూలబడ్డాను.

"మల్ల చెప్పు. లెక్కలోనివి గదా నువ్వు."

"ఏడే."

ఈసారి వీపు మీద. ఊపిరి ఆడలేదు. లోపలి నుంచి అతని భార్య చేతికి పిండితోనే ఉరికి వచ్చింది. "సంపుతవా ఏందయ్యా? ఆయన సస్తె సంతకం ఎవలకు పెడ్తవ్?"

"నువ్వాగు. అన్నా, నేను కాలువల బోర్ల పడ్డంక కొట్టినయ్ ఎవని లెక్కల రాసినవ్? నా మెడ మీద కాలు పెట్టి కొట్టినయ్?"

లెక్క మరిచిపోయే అలవాటు నాకు లేదు. ఆనాడు కాలువలో అతను బురదనీళ్లలో ముఖం పెట్టి పడ్డాడు. నేను ఎడమ కాలు అతని మెడ మీద వేసి తొక్కాను. అతని నోటి దగ్గర బుడగలు లేస్తున్నాయి. కొట్టాను. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. నలుగురు పట్టి లాగితే ఆగాను. అప్పుడే లెక్కపెట్టాను. పెద్దమనుషులకు చెప్పలేదు, నా భార్యకూ చెప్పలేదు.

"పదకొండు," అన్నాను.

రాడ్డు కింద పడేశాడు. "గదే కోర్టు కాయితంల రాయి. అప్పుడొస్త."

చెప్పిన రోజున మిర్యాలగూడ వచ్చాడు. వకీలు రాసిన పత్రంలో మాటామాటా పెరిగి స్వల్ప తోపులాట జరిగిందని ఉంది. అతను చదివి బల్ల మీదికి విసిరాడు. "తోపులాటనా?"

నేను కలం తీసుకుని ఆ ముక్క కొట్టేశాను. వకీలుది కోదాడ అవతల, ఆంధ్ర వైపు. "ఎందుకండీ ఈ అంకెలు? రేపు మీకే చుట్టుకుంటాయి," అని చెయ్యి అడ్డం పెట్టాడు. అయినా రాశాను. పార కామతో పదకొండు దెబ్బలు, అందులో నాలుగు కింద పడ్డాక, మెడ మీద కాలు పెట్టి. అతను కాగితాన్ని బల్ల అంచుదాకా లాక్కుని, వంగని చేత్తోనే సంతకం పెట్టాడు.

ఎవరైనా బలవంతం చేశారా అని జడ్జి అడిగారు. అతను వాచిన నా మోకాలి వైపు చూశాడు. "లేదు సార్. నన్నెవలూ చెయ్యలే."

బయట మెట్ల మీద ఆగి అడిగాడు. "మరి నలభై నిమిషాలు?"

"నువ్వన్నదే కరెక్టు తమ్మీ. నేను కట్టలేదు."

నా చెప్పుల పక్కన ఉమ్మి వెళ్లిపోయాడు.

కేసు రాజీతో ముగిసిందని రాసి పోలీసులు పత్రం ఇచ్చారు. వీసా వాళ్లు ఆ కేసు కాగితాలకు ఇంగ్లీషు అనువాదం అడిగారు. సూర్యాపేటలో ఒక రిటైర్డ్ టీచర్ అనువదించాడు. పదకొండును అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి రాశాడు. ఐదు వారాల తరువాత పాస్‌పోర్టు తిరిగివచ్చింది. హింసకు సంబంధించిన కేసు వివరాల దృష్ట్యా వీసా ఇవ్వలేమని ఒకే వాక్యం.

నా భార్య కవర్లోని కాగితాలన్నీ నేల మీద పరిచింది. కోర్టు కాగితం దగ్గర ఆగింది.

"ఏడని చెప్తివి గదా నాకు."

ఆమె వేలు ఆ వాక్యం చివరికి జరిగింది.

"మెడ మీద కాలు పెట్టినవా?"

"పెట్టిన."

కనుబొమ్మ మీది మచ్చను వేలితో రుద్దుకుంది. రాయి ఎవరు విసిరారని తొమ్మిదేళ్లు ఆమె అడుగుతూ వచ్చింది. ఎందుకు విసిరారని ఎన్నడూ అడగలేదు. తరువాత కాగితాలు కుప్పచేసి నా ముందుకు తోసింది.

"మల్ల పెట్టు దరఖాస్తు. ఈసారి నా ఒక్కదాని పేరు మీద. వాళ్లకు సూపే బ్యాంకు ఖాతా ఇద్దరిదే గదా. నా మీద ఏ కేసు లేదు."

"నేను?"

"నాకు యాభై ఎప్పుడు నిండుతయో లెక్క కట్టు."

ఐదు నెలల పదహారు రోజులు. నోటితోనే చెప్పాను. రాసి పెట్టమంది. ఒక తెల్ల కాగితం తీసుకుని తొమ్మిది అంకెలు వేశాను. తొమ్మిదో దాని పక్కన అప్పుడే టిక్కు పెట్టాను.