పూతలపట్టు దాటాక నల్లపొగ

డెబ్బైల చివర్లో నేను చిత్తూరులో ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. మా ఆయన ఉద్యోగం తిరుపతిలో. వారమంతా షెడ్డులో ఉండే మా మామగారి పాత కారును శనివారం మధ్యాహ్నం బయటికి తీసి, నేనే నడుపుకుంటూ తిరుపతి వెళ్ళేదాన్ని. ఆడమనిషి కారు నడుపుతోందని దారిలో జనం తిరిగి చూసేవాళ్ళు. కొన్నాళ్ళకి నన్ను వదిలేసి కారు వెనక్కి చూడటం మొదలుపెట్టారు. సైలెన్సర్ నుంచి నల్లటి పొగ వస్తోంది.

తిరుపతిలో చూపిస్తే ఇంజను అరిగిపోయింది, మొత్తం విప్పాలన్నారు. నాకు నమ్మకం కలగలేదు. ఇంజను అరిగితే ఎప్పుడూ పొగ రావాలి కదా. ఇది చిత్తూరులో బయలుదేరేటప్పుడు శుభ్రంగా ఉండేది. పూతలపట్టులో కాఫీకి ఒక అరగంట ఆగి మళ్ళీ స్టార్టు చేస్తే, అక్కడి నుంచి నల్లపొగ.

చిత్తూరులో ఒక సాయిబు మెకానిక్ ఉండేవాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. తిరుపతి నుంచి తిరిగి రాగానే కారును ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. నేను చెప్పిందంతా విని, సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి తిప్పి, వేలికి అంటిన మసిని నాకు చూపించాడు.

"ఆయిలు కాలితే పొగ నీలంగా వస్తాది, మసి జిడ్డుగా ఉంటాది. ఇది సూడమ్మా, పొడి మసి. ఇంజను బాగుండాది. పెట్రోలే ఎక్కువ తాగతా ఉండాది."

కార్బొరేటర్ విప్పి లోపలి ఇత్తడి ఫ్లోటు బయటికి తీశాడు. పెట్రోలు మీద తేలుతూ, మట్టం పెరగగానే అది వచ్చే దారి మూసేసే బోలు బుడ్డి. దాన్ని చెవి దగ్గర ఊపి, నా చేతికిచ్చాడు. నేనూ ఊపి చూశాను. లోపల సన్నగా పెట్రోలు కదిలిన చప్పుడు. బరువెక్కి మునుగుతోంది కాబట్టి దారి మూసుకోవడం లేదు.

చిల్లు మాత్రం ఎంత వెతికినా కనపడలేదు. పక్క టీ అంగడి నుంచి మరిగిన నీళ్ళు తెప్పించి అందులో ముంచాడు. అతుకు దగ్గర నుంచి చిన్న చిన్న బుడగలు వరసగా లేచాయి. చూస్తుండగానే నాకు అంతా అర్థమైంది. ఇంజను వేడికి బుడ్డిలోని గాలి బయటికి పోతుంది. ఆగి చల్లారినప్పుడు ఆ చోటికి పెట్రోలు లోపలికి వస్తుంది. వారం రోజులు షెడ్డులో ఉంటే అంతా ఆవిరైపోతుంది. ఈ మాట ఆయనతో అంటే, "అందుకేనా ఆగితేనే పొగ" అని తలూపాడు. ఆయనకు చిల్లు పట్టుకోవడం తెలుసు, నాకు కారణం తెలిసింది. ఇద్దరికీ సంతోషంగానే ఉంది.

పెట్రోలంతా పోయేదాకా వేడినీళ్ళలోనే ఉంచి తీశాడు. కానీ టంకం పెట్టడానికి తటపటాయించాడు. టంకం బరువుకు ఫ్లోటు మళ్ళీ కిందికి దిగుతుందట, పొగ తగ్గుతుంది గానీ పూర్తిగా పోదట.

"ఎంత బరువు పెరిగిందో తెలిస్తే అంత ఆకురాయితో రాసేస్తా. తెలిసేదెట్లమ్మా?"

మా ల్యాబులో మిల్లీగ్రాములు తూచే త్రాసు ఉందన్నాను. ఆయన నమ్మినట్టు కనిపించలేదు. అయినా మర్నాడు చొక్కా మార్చుకుని, ఫ్లోటును కాగితంలో చుట్టుకుని కాలేజీకి వచ్చాడు. ముందు ఉత్త బుడ్డిని తూచాం. వరండాలో కూర్చుని టంకం పెట్టి మళ్ళీ తెచ్చాడు. తూచడం, ఆకురాయితో కాస్త అరగదీయడం, మళ్ళీ తూచడం. నాలుగోసారి ముల్లు పాత చోట నిలబడింది. ఊపిరి తగిలినా ముల్లు కదులుతుందని చెప్తే, అంతసేపూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉన్నాడు.

ఆ శనివారం పూతలపట్టులో కావాలనే గంటసేపు ఆగాను. తర్వాత స్టార్టు చేసి, ఇంజను నడుస్తుండగానే దిగి వెనక్కి వెళ్ళి చూశాను. పొగ లేదు. రుమాలు అడ్డం పెట్టి చూసినా లేత బూడిదరంగే అంటింది.

తర్వాతి రెండేళ్ళలో ఆయన నుంచి కాగితంలో చుట్టిన ఫ్లోట్లు మరో అయిదారు వచ్చాయి. తూచి, బరువు ఆ కాగితం మీదే రాసి పంపేదాన్ని.